జీడి గోదాంలో అప్ప గొంతు

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అనే సామెత ఇప్పుడు నా నోట రాదు. నేను టెక్కలిలో బడిపిల్లలకు బొమ్మలు నేర్పే పంతులమ్మని. చెప్పింది వినకుండా కిటికీలోంచి బస్సులు చూసే పిల్లల మీద ఆ సామెత రోజూ విసిరేదాన్ని. ఒకరోజు అలవాటుకొద్దీ సగం అనేసి ఆగిపోయాను. మిగతా సగం పిల్లలే అందుకుని, అందరూ కలిసి గట్టిగా పూర్తి చేశారు. నాకు ఏడుపొచ్చింది. దాన్ని కోపం కింద మార్చేసి క్లాసంతటినీ నిలబెట్టాను. నాకు ఏదొచ్చినా ముందు కోపంగానే వస్తుంది, ఆ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు.

చెవులు పోయింది మా అప్పకి. మావైపు అక్కని అప్ప అంటాం. అప్పని పూండి దాటాక అక్కుపల్లి వెళ్ళే దారిలో ఒక ఊరికి ఇచ్చారు. జీడితోట, కాస్త కొబ్బరి, ఇంటి వెనక జీడిపిక్కలు దాచే గోదాం. అప్ప గొంతు ఆ ఊరికి గుర్తు. తోట ఆ చివర మేస్తున్న మేకల్ని ఇంటి అరుగు మీదనుంచి పిలిచేది, అవి వచ్చేవి. అమ్మవారి పండగలో ఆడవాళ్ళు పాడుతుంటే ముందు పాట ఎప్పుడూ అప్పదే. మైకు ఇస్తే పక్కన పెట్టేసేది. "దీనికేటి పని" అనేది.

తర్వాత అప్పకి అది వచ్చింది. మా ఉద్దానంలో ఆ జబ్బుని పేరుపెట్టి పిలవరు. "ఫలానా వాళ్ళింట్లో అది వచ్చిందట" అంటారు, విన్నవాళ్ళు ఇంకేమీ అడగరు. కిడ్నీలు పాడయ్యాయని రక్తపరీక్షలో తేలిన రోజున మా బావకి తెలుసు, నాకు తెలుసు, ఆ ఇంట్లో అందరికీ తెలుసు. అప్పకి మాత్రం చెప్పలేదు. అప్ప అత్తగారు అడ్డం పడింది. "దానికి సెప్పకండి. బెంగెట్టుకుని ముందే సచ్చిపోద్ది" అంది. అందరం తలూపాం. గ్యాసు మాత్రలనీ బలం మాత్రలనీ చెప్పి మింగించాం. చివరికి పలాస ఆసుపత్రిలో, గొట్టాలు పెట్టుకుని పడుకున్న మనుషుల వరసలో తన మంచం కూడా ఉందని చూసినప్పుడు అప్పకి అర్థమైంది. గోడ వైపు తిరిగి పడుకుంది.

డయాలసిస్ మొదలైన కొన్నాళ్ళకి ఒంట్లో చీము చేరి జ్వరం పట్టుకుంది. ఈ ఇంజెక్షన్ ఇవ్వకపోతే మనిషి దక్కదని, ఇస్తే చెవులు దెబ్బతినొచ్చని డాక్టరు ముందే చెప్పాడు. మనిషి దక్కింది, చెవులు పోయాయి. వినికిడి యంత్రం పెట్టినా లాభం లేకపోయింది. పులి మీద పుట్ర అంటారే, అలాగ.

వినబడకపోతే మాట్లాడ్డానికేం అనుకుంటాం. అప్పకి తన గొంతు ఎంత పైకి వెళ్తోందో తెలిసేది కాదు. ఆసుపత్రి నుంచి తిరిగి వస్తూ షేర్ ఆటోలో "దాహమేస్తంది" అని బావతో చెప్పబోయి అరిచేసింది. ఆటోలో వాళ్ళంతా తిరిగి చూశారు, కాలేజీ పిల్లలు నవ్వారు. బావ మెల్లగా, ప్రేమగానే, అప్ప నోటి మీద చెయ్యి పెట్టాడు. ఆ రోజునుంచి అప్ప నోరు విప్పడం మానేసింది. కావలసినవి చేత్తో చూపించేది. రోజుకి ఇంతేనని కొలిచి ఇచ్చే మంచినీళ్ళ గ్లాసుని కూడా వేలితోనే అడిగేది. జబ్బుకి నేనేం చెయ్యలేను, అది నాకు తెలుసు. కానీ ఆ గొంతు అలా మూతపడి ఉండగా అప్ప వెళ్ళిపోతే ఎలా అన్నదొక్కటే నన్ను తినేసేది. ఉన్నన్నాళ్ళూ తను మాట్లాడాలి. నాకు కావలసింది అదొక్కటే.

ఒక ఆదివారం సాయంత్రం అప్పని బలవంతంగా అక్కుపల్లి ఒడ్డుకి తీసుకెళ్ళాను. చీకటి పడగానే అలలు వెలగడం మొదలుపెట్టాయి. అప్పుడప్పుడు మా సముద్రం అలా వెలుగుతుంది. విరిగిన ప్రతి అల అంచునా నీలం గీత, అంతలోనే మాయం. అప్ప తడి ఇసకలో కాలు వేసింది. పాదం చుట్టూ వెలుగు చిమ్మింది. ఇంకో అడుగు వేసింది, మళ్ళీ వెలిగింది. చిన్నపిల్లలా గబగబా తొక్కి, గొంతెత్తి నవ్వింది. ఎన్నో నెలల తర్వాత అప్ప నోట్లోంచి వచ్చిన మొదటి చప్పుడు అది. వెంటనే తన నవ్వు తనకే గుర్తొచ్చినట్టు చేత్తో నోరు మూసుకుంది.

నీళ్ళు కదిలితే వెలుగుతాయి. గొంతు కూడా నీళ్ళని కదిలించగలదు కదా అనిపించింది. ఆటోలో తిరిగి వస్తున్నంతసేపూ నాకు అదే ఆలోచన.

సరిగ్గా అదే రోజుల్లో విశాఖలో ఒక కళా ప్రదర్శన వాళ్ళు నన్ను ఏదైనా ఇన్‌స్టలేషన్ చెయ్యమని అడిగి ఉన్నారు. గోడకి తగిలించే బొమ్మ కాకుండా, మనుషులు లోపలికి వచ్చి చుట్టూ తిరిగి చూసేదన్నమాట. శబ్దం వెలుగయ్యే నీళ్ళ పళ్ళెం చేస్తానన్నాను. గొప్పగా ఉందన్నారు. వాళ్ళతో అప్ప సంగతి చెప్పలేదు. నా దగ్గర బొమ్మలు నేర్చుకున్న ఒకమ్మాయి తర్వాత సముద్రపు జీవుల మీద చదువుకుని విశాఖలోనే పనిచేస్తోంది. ఆ అమ్మాయిని అడిగాను. సముద్రంలో వెలిగేవి ప్లాంక్టన్ అనే కంటికి ఆనని జీవాలనీ, ఒడ్డున ముంచి తెచ్చుకున్నవి ఇంట్లో బతకడం కష్టమనీ చెప్పి, తను సీసాల్లో పెంచుతున్న వాటిలోంచి నాకు కొంచెం ఇచ్చింది. "చంటిపిల్లల్లా చూసుకోవాలి మేడమ్" అంది. నేను చంటిపిల్లల్ని ఎలా చూస్తానో ఆ అమ్మాయికి తెలియంది కాదు.

సీసాని థర్మోకోల్ పెట్టెలో పెట్టుకుని రైల్లో వస్తుంటే ఎదురు సీటు పెద్దాయన నన్ను వదల్లేదు.

"రొయ్య పిల్లలేటమ్మా? ఏ హేచరీవి?"

"రొయ్యలు కావండీ."

"మరి సేప పిల్లలా?"

"వెలుగుతాయండీ. చూడ్డానికి."

ఆయన కాసేపు పెట్టెని, కాసేపు నన్ను చూశాడు. "తినడానికి పనికిరావన్నమాట" అని కిటికీ వైపు తిరిగిపోయాడు. పూండిలో దిగేటప్పుడు మాత్రం పెట్టె జాగ్రత్తగా అందించాడు.

పిక్కల కాలం అయిపోయింది కాబట్టి గోదాం ఖాళీగా ఉంది. కిటికీల్లేని గది. తలుపు వేస్తే పట్టపగలు కూడా చెయ్యి కనబడదు. గోడలకీ నేలకీ జీడి వాసన, ఎంత కడిగినా పోదు. ఆ జీవాలకి ఒక గుణం ఉంది. పగలంతా వెలుతురు తాగి, చీకటి పడ్డాకే వెలుగుతాయి. నేను వచ్చేది బడి లేని రోజుల్లో, అదీ పగలు. అప్ప సాయంత్రానికల్లా సోలిపోతుంది. అందుకని వాటి రాత్రీపగలూ తిప్పేశాం. రాత్రంతా ట్యూబులైటు వేసి ఉంచడం, తెల్లవారాక ఆర్పి తలుపు మూసెయ్యడం. కొన్నాళ్ళకి అవి మన పగటిని రాత్రి అనుకోవడం నేర్చుకున్నాయి. లైటు వేసి ఆర్పే పని బావది.

"ఊళ్ళో జనం అడుగుతన్నారు మరదలా, గోదాంలో రాత్రంతా లైటేటని" అన్నాడు బావ.

"ఏం చెప్పావు?"

"కోడిపిల్లలని సెప్పినాను. మరేటి సెప్పమంటావు?"

అప్ప అత్తగారికి మాత్రం కోడిపిల్లల కథ పనికిరాలేదు. సముద్రపు నీళ్ళు అక్కుపల్లి నుంచి డబ్బాలతో తెచ్చి, గుడ్డలో వడకట్టి, మరగబెట్టి చల్లార్చింది ఆవిడ పొయ్యి మీదే. "గంగని మరగెడతన్నావేటమ్మా, పాపం సుట్టుకుంటాది" అని సణిగింది. కానీ పొయ్యి ఇచ్చింది. గోదాంలోకి వెళ్ళేటప్పుడు గుమ్మంలోనే చెప్పులు విడిచి, చీర కొంగు కళ్ళకద్దుకునేది. దుమ్ము లోపలికి రాదు కదా అని నేనూ ఊరుకున్నాను. ఒకరోజు గడపకి పసుపు రాసి ఉంది. నవ్వుకున్నాను.

పళ్ళెం కాశీబుగ్గలో ఫోటోలకి ఫ్రేములు కట్టేవాడి చేత గాజుతో చేయించాను. లోతు లేని నలుచదరపు వెడల్పు పళ్ళెం. పెళ్ళి పందిళ్ళకి సౌండు పెట్టేవాళ్ళ దగ్గర వాడి పడేసిన పెద్ద స్పీకరు తెచ్చి వెల్లకిలా పడుకోబెట్టాం. దాని అంచున సైకిల్ ట్యూబు ముక్కలు, వాటి మీద పళ్ళెం. ముందర మైకు. మైకులో మాట్లాడితే స్పీకరు అదురుతుంది, అదురు నీళ్ళకి తగులుతుంది, నీళ్ళలో ఉన్నవి వెలగాలి. కాగితం మీద గీసుకున్నప్పుడు ఎంత బాగుందో.

మొదటిసారి సౌండు ఎక్కువ పెట్టి "హలో" అన్నాను. నీళ్ళు ఎగిరి నా మొహం మీద పడ్డాయి. పళ్ళెంలో ఉన్నవన్నీ ఒక్కసారి వెలిగి ఆరిపోయాయి, తర్వాత ఎంత అరిచినా ఉలకలేదు పలకలేదు. ఫోన్ చేస్తే "అలిసిపోయాయి మేడమ్, రేపటిదాకా వదిలెయ్యండి" అంది ఆ అమ్మాయి. ఇంకోసారి ఎండకి గది వేడెక్కి సీసాలో ఉన్నవన్నీ చచ్చాయి. మళ్ళీ విశాఖ, మళ్ళీ పెట్టె. ఈసారి సీసాల చుట్టూ తడిపిన గోనెసంచులు కప్పాం. బావ గంటగంటకీ వెళ్ళి నీళ్ళు చిలకరించేవాడు. కొబ్బరి మొక్కలకి కూడా ఆయన అంత శ్రద్ధగా నీళ్ళు పోసి ఉండడు.

చివరికి తెలిసిందేమిటంటే, సన్నగా మాట్లాడితే ఏమీ జరగదు. గుండెల్లోంచి "ఊఁ" అంటే, పళ్ళెం మూలల్లో అక్కడో చుక్క ఇక్కడో చుక్క వెలుగుతుంది. చీకటికి కళ్ళు అలవాటు పడితే తప్ప కనబడదు. అంతే. నేను కాగితం మీద నీలం రంగు డబ్బాడు పోసి గీసుకున్నది ఒకటి, వచ్చింది ఒకటి. అయినా నాకది చాలనిపించింది. అప్ప గొంతు నా గొంతు లాంటిది కాదు కదా.

అప్పని మైకు ముందు కూర్చోబెట్టాను. తనతో మాట్లాడ్డానికి నేను పలక వాడతాను. బడిపిల్లల పలకే. "పాడు" అని రాసి టార్చి వేసి చూపించాను. తల అడ్డంగా ఊపింది. "ఎవరూ లేరు" అని రాశాను. మళ్ళీ అడ్డంగానే. బతిమాలాను, బుజ్జగించాను. పళ్ళు బిగించి కూర్చుంది. నా సహనం ఎంతసేపు ఉంటుంది? టార్చి ఆర్పేసి తిట్ల దండకం అందుకున్నాను. ఇంత కష్టపడి చేస్తే నీకు పట్టదా అని, మొండిఘటం అని, నీ కోసం కాకపోతే నాకేం పని అని. చెవుడున్న మనిషి మీద అరుస్తున్నానన్న స్పృహ కూడా లేదు. మైకు నా మూతి ముందే ఉంది. పళ్ళెంలో చుక్కలు టపటపా వెలుగుతున్నాయి. అప్ప వాటివైపు చూసి, నా చెయ్యి తట్టి, పలక లాక్కుని చీకట్లోనే వంకరగా ఏదో రాసింది. టార్చి వేసి చూస్తే "తిడతన్నావా?" అని ఉంది. ఇద్దరం నవ్వుకున్నాం. తను నవ్వింది చప్పుడు లేకుండా.

ఆ తర్వాత ప్రతి సెలవు రోజూ అదే తంతు. తను వచ్చి కూర్చునేది, నీళ్ళని చూసేది, నేను మాట్లాడితే వెలిగే చుక్కల్ని వేలితో చూపించేది. తను మాత్రం నోరు విప్పేది కాదు. డయాలసిస్ అయిన మర్నాడు బాగా నీరసంగా ఉండేది. అలాంటి రోజుల్లో గోనెసంచి మీద పడుకుని చూసేది. నాకు భయం వేసేది. కాలం మన చేతిలో ఉందా?

అత్తగారు ఒకసారి తలుపు సందులోంచి ఆ చుక్కల్ని చూసింది. "ఓలమ్మ, తల్లీ" అని చేతులు జోడించింది. సముద్రంలో వెలిగేది గంగమ్మేనని ఆవిడ చిన్నప్పటినుంచి నమ్మకం. ఆ గంగమ్మ ఇప్పుడు తన గోదాంలోకి వచ్చింది. అది దేవత కాదు అత్తా, కంటికి కనబడని పురుగులాంటివి అని చెప్పాను. "పురుగులోనైనా వొచ్చేది తల్లే కదా" అంది.

మావైపు ఇంట్లో ఎవరికి ఒంట్లో బాగోకపోయినా అమ్మవారికి వేడి చేసిందంటారు. చల్లదనం చెయ్యాలి. అందుకు ముర్రాట తీసుకెళ్తారు. కుండలో పసుపునీళ్ళు, వేపాకులు, నెత్తిమీద పెట్టుకుని తడిబట్టలతో వెళ్ళి అమ్మవారి మీద పోస్తారు. తల్లి చల్లబడితే ఇల్లు చల్లబడుతుంది. ఇంత తెలిసిన నాకు గడపకి పసుపు రాసినప్పుడే రాబోయేది తట్టి ఉండాల్సింది. తట్టలేదు.

ఆ మంగళవారం బడికి సెలవు. మధ్యాహ్నం. నేను స్పీకరు వెనక ఊడిన వైరు చీకట్లోనే తడిమి పెట్టి, ఇంకా వంగే ఉన్నాను. అప్ప పళ్ళెం ముందు కూర్చుని ఉంది. తలుపు తెరుచుకుని మూసుకుంది. బావ కాబోలు అనుకున్నాను. వేపాకు వాసన వచ్చింది. తలెత్తేలోపల అత్తగారు కుండ పళ్ళెంలోకి ఒంపేసింది.

అలాంటి వెలుగు నేను మళ్ళీ చూడలేదు. చుక్కలు కావు, పళ్ళెం పళ్ళెమంతా వెలిగింది. నీలంగా, నిండుగా. పైన దూలాలు కనబడ్డాయి, గోడకి చేరేసిన గోనెసంచులు కనబడ్డాయి, అత్తగారి తడిసిన మొహం కనబడింది. అప్ప "ఓలమ్మా" అని కేక పెట్టింది. ఆ కేకకి స్పీకరు దద్దరిల్లింది. వెలుగు ఆరలేదు. అప్ప తన ఛాతీ మీద చెయ్యి వేసుకుంది, నీళ్ళవైపు చూసింది, నా వైపు చూసింది. ఇదంతా తన కేకకి వెలిగిందనుకుంది. మరుక్షణం పాట ఎత్తుకుంది. పండగలో అమ్మవారిని ఊళ్ళోకి పిలుస్తూ పాడే పాట. శ్రుతి ఎటో పోయింది, పదాలు ఒకదాని మీదొకటి పడుతున్నాయి, కానీ ఆ గొంతు మా అప్పదే. అత్తగారు నేల మీద కూలబడి ఏడుస్తోంది. బావ పరిగెత్తుకొచ్చి, లోపలికి దూరి తలుపు మూసి అక్కడే నిలబడిపోయాడు. పాట సగమయ్యేసరికి నీలం పలచబడింది. పూర్తయ్యేసరికి చీకటి. అందరి మొహాల మీదా సంతోషం ఉందని చీకట్లో కూడా తెలుస్తోంది. నాకొక్కదానికే పసుపు వాసన వస్తోంది.

ఆ సాయంత్రం లైటు వేసి చూశాను. పచ్చటి నీళ్ళు, అడుగున గోధుమరంగు మడ్డి. విశాఖకి ఫోన్ చేశాను. మంచినీళ్ళు ఒక్కసారిగా కలిస్తే, అందులోనూ పసుపూ అదీ ఉంటే, అవి తట్టుకోలేవని చెప్పింది ఆ అమ్మాయి. "పోయేటప్పుడు అన్నీ కలిసి అలా వెలుగుతాయి మేడమ్. చాలా అందంగా ఉంటుంది కదా" అంది. ఫోన్ పెట్టేశాను.

అత్తగారిని దులిపేద్దామని వంటింట్లోకి వెళ్ళాను. అక్కడ అప్ప మాట్లాడుతోంది. "కూరలో ఉప్పెయ్యకత్తా, నాకు పడదు" అంటోంది, పక్క వీధికి వినబడేలా. అత్తగారు కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ తలూపుతోంది. నా కోపం నోటిదాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. "తల్లి చల్లబడింది కదత్తా, ఇంకెప్పుడూ పొయ్యకు" అని మాత్రం అన్నాను.

ఆ తర్వాత అప్ప నోటికి తాళం లేదు. ఆటోవాడితో మాట్లాడింది, ఆసుపత్రిలో నర్సమ్మతో మాట్లాడింది, పక్క మంచాల వాళ్ళ ఊళ్ళన్నీ అడిగింది. జవాబులు వినబడవు, అయినా అడిగేది. అరిచినట్టు ఉంటే ఉండనీ అన్నట్టు మాట్లాడేది. "నా గొంతు సూసినారేటి మీరు? సముద్రం లాగ ఎలిగిపోనాది" అని అందరికీ చెప్పేది. బావ ఆ మాట విని నా వైపు కృతజ్ఞతగా చూసేవాడు. ఆ చూపు నాకు ముల్లులా ఉండేది. నేను చేసింది వెలగలేదు, చచ్చింది. చావుబతుకుల మధ్య ఉన్న మనిషితో ఆ మాట ఎలా చెప్తాను? చెప్పకూడదనే అనుకున్నాను. నిద్రపట్టేది కాదు. ప్రదర్శన వాళ్ళు ఎంతవరకు వచ్చిందని అడిగితే రాదని చెప్పేశాను.

"కొత్త నీళ్ళెప్పుడు తెత్తావే?" అని అప్ప ప్రతివారం అడిగేది. పెరగడానికి టైము పడుతుందని పలక మీద రాసేదాన్ని. అది నిజమే. నిజం కాకపోయినా అదే రాసేదాన్ని. సాకులు ఎన్నాళ్ళు నడుస్తాయి? సీసాలు మళ్ళీ నిండాయి. ఒక ఆదివారం పొద్దున్న బావే నాకంటే ముందు పళ్ళెం కడిగి, నీళ్ళు పోసి, స్పీకరు మీద పెట్టి ఉంచాడు.

అప్ప తలంటుకుని వచ్చింది. కొత్త చీర. మైకు సర్దుకుని కూర్చుని, గట్టిగా ఊపిరి పీల్చి పాట అందుకుంది.

మూలన ఒక చుక్క వెలిగింది. కాసేపటికి ఇంకొకటి.

అప్ప గొంతు పెంచింది. నాలుగైదు చుక్కలు. ఇంకా పెంచింది. మెడ నరాలు తేలి ఉంటాయి, ఆ చప్పుడుకి గోదాం రేకులు అదురుతున్నాయి. పళ్ళెం మాత్రం అంతే. పాట ఆపేసి అరిచింది. వట్టి అరుపు. తర్వాత దగ్గు వచ్చింది. దగ్గు తగ్గాక చీకట్లోంచి అడిగింది.

"ఏటే, నా గొంతు తగ్గిపోనాదేటి?"

టార్చి కోసం తడుముకున్నాను.

"నాను అయిపోతన్నానేటే? అందుకేనా?"

బయట బావ ఊడుస్తున్న చీపురు చప్పుడు ఆగిపోయింది. ధైర్యం ఇస్తుందనుకుని నేను కాపాడిన అబద్ధం, అప్ప చేతిలో చావుకబురు అయి కూర్చుంది. పలక తీసుకున్నాను. "నీళ్ళు బాగాలేవు" అని రాసి చెరిపేశాను. "స్పీకరు పాడైంది" అని రాసి చెరిపేశాను. చివరికి రాశాను. "ఆ రోజు వెలిగింది నీ గొంతుకి కాదు. ముర్రాట నీళ్ళకి. అవి చచ్చిపోతూ వెలిగాయి." టార్చి వేసి పలక ముందు పెట్టాను.

అప్ప చదువు కొంచెమే. వేలు పెట్టి ఒక్కో అక్షరం చదివింది. చివరిదాకా వచ్చి మళ్ళీ మొదటికి వెళ్ళింది. టార్చి వెలుగులో తన మొహం చూడలేక నేను గోడవైపు చూశాను. మళ్ళీ నోరు మూసేసుకుంటుంది, ఇక ఈ జన్మకి విప్పదు, అంతా నేనే చేశాను అనుకున్నాను.

"అత్తకి తెలుసా?" అంది.

తెలియదని తలూపాను.

"దానికి సెప్పకు" అంది. పలక నా ఒళ్ళో పెట్టి, "నాకు సెప్పాల గదే" అంది. "నా రత్తం పరీచ్చ కూడా ఇలగే దాసినారు. అందరికీ తెలుసు. నాకు తప్ప." గొంతులో కోపం ఉంది. ఆ రోజు ఆసుపత్రిలో గోడవైపు తిరిగి మింగేసిన కోపం. "దాసకండే. సిన్నదైతే సిన్నదే సూపించండి. నాది నాకు తెలవాల."

నేను ఏడ్చాను. ఈసారి అది కోపంగా మారలేదు.

అప్ప టార్చి తీసుకుని తనే ఆర్పేసింది. కళ్ళు చీకటికి అలవాటయ్యేదాకా ఇద్దరం ఊరికే కూర్చున్నాం. తర్వాత పాట కాదు, మాట కాదు, పిల్లల్ని జోకొట్టేటప్పుడు తీసే రాగం లాంటిది గుండెల్లోంచి మెల్లగా తీసింది. పళ్ళెం ఈ పక్క మూలలో రెండు చుక్కలు వెలిగి ఆరాయి. అప్ప ఆగింది. అవి లేవు. మళ్ళీ తీసింది. మళ్ళీ వచ్చాయి. తను తీస్తే వస్తున్నాయి, ఆపితే పోతున్నాయి. అలా చాలాసేపు చూసుకుంది.

"ఇది నాదేనా?" అంది.

"నీదే అప్పా" అన్నాను గట్టిగా, వినబడదని మరిచిపోయి.

మైకు మా ఇద్దరి మధ్యా ఉంది. నా మాటకి పళ్ళెం అవతలి మూలలో ఒక చిన్న చుక్క వెలిగి ఆరింది. అప్ప దాన్ని చూసింది.

"నీదీ అంతేనేటే" అంది.